ఉనికికి సంజాయిషీ: ‘ది ఇంక్విజిటర్’ హాస్యనాటిక లేవనెత్తిన నైతిక ప్రశ్న

ఉపోద్ఘాతం

ఒకరి జీవితాన్ని మెచ్చుకోవలసి వచ్చినప్పుడు తెలుగులో ‘జన్మ సార్థకమైంది’ అంటాం. నిందించవలసి వచ్చినప్పుడు ‘పుట్టి ఏం ప్రయోజనం’ అనీ, ‘భూమికి భారం’ అనీ అంటాం. ఈ పలుకుబళ్ళన్నింటి వెనుక ఒకే భావన ఉంది. పుట్టడంతోనే మనిషి ఒక బాకీ నెత్తిన వేసుకుంటాడనీ, బతికినన్నాళ్ళూ దాన్ని తీరుస్తూ తన ఉనికికి అర్హత సంపాదించుకోవాలనీ ఆ భావన చెబుతుంది. ‘సార్థకం’, ‘వ్యర్థం’ అనే రెండు మాటలూ ‘అర్థం’ అనే మాట నుంచే వచ్చాయి. అర్థం ఉంటే బతుకు నిలుస్తుంది, లేకపోతే తీసివేయదగినదవుతుంది అన్న తీర్పు ఆ మాటల నిర్మాణంలోనే ఇమిడి ఉంది.

నిత్యవ్యవహారంలో ఈ మాటలను మనం తేలికగానే వాడుతాం. వాటిని అక్షరాలా అమలుచేసే న్యాయస్థానం ఒకటి ఉంటే పరిస్థితి ఎలా ఉంటుంది? బతుకు వృథా అని తేలినవారిని లోకం నుంచి తొలగించి, వారి స్థానాన్ని మరొకరికి ఇచ్చే అధికారి ఉంటే ఆయన తీర్పు న్యాయమవుతుందా? బ్రిటిష్ వైజ్ఞానిక కల్పనా హాస్యధారావాహిక ‘రెడ్ డ్వార్ఫ్’లోని ‘ది ఇంక్విజిటర్’ అనే భాగం సరిగ్గా ఈ ప్రశ్నను కథగా మలిచింది. అర్ధగంట నిడివి గల ఆ హాస్యనాటికను ఆధారంగా చేసుకుని, మనిషి తన ఉనికికి సంజాయిషీ ఇచ్చుకోవలసిన అవసరం ఉందా అనే విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కథాంశం

రాబ్ గ్రాంట్, డగ్ నేలర్ రచించిన ‘రెడ్ డ్వార్ఫ్’ 1988లో బీబీసీ రెండవ ఛానెల్‌లో ప్రారంభమైంది. ముప్ఫై లక్షల ఏళ్ళ నిశ్చలస్థితి తరువాత మేల్కొన్న డేవ్ లిస్టర్ ఒక గనుల సంస్థకు చెందిన అంతరిక్షనౌకలో మిగిలిన చివరి మనిషి. అతనికి తోడుగా ముగ్గురున్నారు. ఒకరు చనిపోయి కాంతిప్రతిమగా మాత్రమే మిగిలిన అతని పై ఉద్యోగి రిమ్మర్. రెండవవాడు నౌకలోని పిల్లిజాతి నుంచి పరిణామం చెందిన క్యాట్. మూడవవాడు సేవకోసం తయారైన యంత్రమానవుడు క్రైటెన్. నలుగురిలో ఎవరూ వీరులు కారు. లిస్టర్ సోమరి, రిమ్మర్ పిరికివాడు, క్యాట్ ఆత్మమోహితుడు, క్రైటెన్ ఇల్లు ఊడ్చి తుడవడంలో ఆనందం పొందే దాసుడు.

‘ది ఇంక్విజిటర్’ ఐదవ విడతలోని రెండవ భాగం. 1992 ఫిబ్రవరి 27న ప్రసారమైంది. తనను తానే మరమ్మతు చేసుకోగల ఒక యంత్రజీవి కాలాంతం వరకు బతికి, దేవుడు లేడనీ, పరలోకం లేదనీ, అర్థవంతంగా బతకడం ఒక్కటే జీవికున్న ప్రయోజనమనీ నిర్ణయానికి వస్తుంది. ఆపైన కాలయానానికి సాధనం నిర్మించుకుని, చరిత్రలో పుట్టిన ప్రతి ప్రాణినీ కలిసి, తన జీవితానికి సమర్థన చెప్పుకోమని అడుగుతుంది. చెప్పుకోలేకపోయినవారిని చరిత్ర నుంచే చెరిపివేస్తుంది. వారికి బదులుగా, పుట్టే అవకాశం దక్కని మరొకరిని ఆ స్థానంలో పుట్టిస్తుంది. ఆ జీవే ఇంక్విజిటర్.

విచారణ పద్ధతిలో ఒక విశేషం ఉంది. న్యాయమూర్తి ముసుగు తొలగించగానే ముద్దాయికి కనిపించేది ముద్దాయి ముఖమే. ప్రతివారినీ వారే విచారిస్తారు, వారి ప్రమాణాలతోనే తీర్పు చెబుతారు. రిమ్మర్ తన తల్లిదండ్రులనూ, తనకు దక్కని ప్రతిభనూ ఏకరువు పెట్టి, అంత తక్కువతో మొదలైనవాడు ఇంతకన్నా ఏమవగలడని వాదిస్తాడు. క్యాట్ తన అందమే లోకానికి తాను చేసిన ఉపకారమంటాడు. ఇద్దరూ నిర్దోషులుగా బయటపడతారు. క్రైటెన్ తన మంచితనం ఇతరులు తనలో అమర్చిన ఆదేశాల ఫలితమే కాబట్టి తనకు దక్కవలసిన ఘనత ఏదీ లేదని తానే ఒప్పుకుంటాడు. లిస్టర్ సమాధానం చెప్పడానికే నిరాకరిస్తాడు. ఆ ఇద్దరూ దోషులవుతారు. తమ హీనప్రమాణాలకు తగ్గట్టుగా బతికినవారు నెగ్గారు, అంతకంటే గొప్పగా బతికి ఉండగలిగినవారు ఓడారు. తీర్పులోని హేతువు ఇదే.

తప్పించుకున్న లిస్టర్, క్రైటెన్‌లను నౌక గుర్తించదు, మిత్రులు గుర్తించరు. వారి స్థానాల్లో వేరొక లిస్టర్, వేరొక క్రైటెన్ ఉంటారు. చివరకు చెరిపివేతకు సాధనమైన ఇంక్విజిటర్ చేతితొడుగు అతనిమీదికే తిరగబడుతుంది. అతడే చరిత్ర నుంచి చెరిగిపోతాడు, అతడు చేసిన పనంతా రద్దవుతుంది.

ఆత్మసాక్షి ప్రమాణమా?

ఎవరి తీర్పు వారే చెప్పుకోవడం మొదటి చూపుకు ఆదర్శమైన న్యాయంగా తోస్తుంది. బయటివాడు మన పరిస్థితులు తెలియక పొరబడవచ్చు, పక్షపాతం చూపవచ్చు. మనస్సాక్షికి ఆ లోపాలు ఉండవని మనం నమ్ముతాం. అయితే ఈ నాటిక ఆ నమ్మకాన్ని ఒక్క ఉదాహరణతో తలకిందులు చేస్తుంది. కొలిచే కర్రను కొలవబడేవాడే తయారుచేసుకుంటే, పొట్టి కర్ర తయారుచేసుకున్నవాడు ఎప్పుడూ పొడవుగానే కనిపిస్తాడు. క్యాట్ నిర్దోషి కావడానికి కారణం అతని సుగుణం కాదు, అతనికి ఏ ఆకాంక్షా లేకపోవడం. లిస్టర్ దోషి కావడానికి కారణం అతని దుర్గుణం కాదు, తాను ఇంకేదో కావలసిందన్న ఎరుక.

పద్దెనిమిదవ శతాబ్దపు యూదు గురువు జూస్య గురించి ఒక ప్రసిద్ధ ఐతిహ్యం ఉంది. పరలోకంలో తనను ‘నువ్వు మోషేవు ఎందుకు కాలేదు’ అని అడగరనీ, ‘నువ్వు జూస్యవు ఎందుకు కాలేదు’ అనే అడుగుతారనీ ఆయన చెప్పినట్లు ఆ కథ సారాంశం. ఇంక్విజిటర్ ప్రశ్న కూడా ఇదే. కాని జూస్య కథలో ఆ ప్రశ్న మనిషిని తన స్వరూపం వైపు మేల్కొలుపుతుంది. ఇంక్విజిటర్ చేతిలో అదే ప్రశ్న శిక్షాస్మృతి అవుతుంది. ఆదర్శం ముందుకు నడిపేదిగా ఉన్నప్పుడు మేలు చేస్తుంది. దాన్ని నేరారోపణకు వాడుకుంటే, ఆదర్శం పెట్టుకున్నందుకే మనిషి శిక్ష అనుభవించవలసి వస్తుంది. అటువంటి న్యాయస్థానం ఉన్న లోకంలో వివేకవంతుడు చేసే మొదటి పని తన ఆదర్శాన్ని తగ్గించుకోవడం. సార్థకంగా బతకమని ప్రబోధించడానికి ఏర్పడిన న్యాయస్థానం చివరకు అల్పత్వానికే బహుమతి ఇస్తుంది.

ఈ ధారావాహికలోనే 1991లో ప్రసారమైన ‘జస్టిస్’ అనే భాగాన్ని పక్కన పెట్టి చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. అక్కడ ఒక యంత్రం రిమ్మర్ మనసును పరిశీలించి, నౌకలోని వెయ్యిమందికి పైగా సిబ్బంది మరణానికి అతడే బాధ్యుడని నిర్ణయిస్తుంది. ఆ అపరాధభావన అతనిలో నిజంగానే ఉంది కనుక యంత్రానికి అది సాక్ష్యమైంది. అంత పెద్ద బాధ్యతను ఎవరూ అప్పగించలేనంత అసమర్థుడు రిమ్మర్ అని నిరూపించి క్రైటెన్ అతణ్ణి విడిపిస్తాడు. అక్కడ రిమ్మర్ తనమీద తానే లేని నేరం మోపుకున్నాడు, ఇక్కడ తనకు తానే రాని క్షమ ఇచ్చుకున్నాడు. మనిషి ఒక్కడే, మనసు ఒక్కటే, తీర్పులు రెండూ తప్పే. మనసు చెప్పేది సాక్ష్యంగా వినదగినదే కాని, అదే తుది తీర్పు కాజాలదని ఈ రెండు కథలూ కలిసి చెబుతున్నాయి.

రిమ్మర్ వాదం: అదృష్టమూ బాధ్యతా

రిమ్మర్ చెప్పుకున్న సంజాయిషీని హాస్యమని తోసివేయడానికి వీలులేదు. బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ 1976లో చర్చకు తెచ్చిన ‘నైతిక అదృష్టం’ అనే సమస్యకు అది చక్కని ఉదాహరణ. మన స్వభావం, పెంపకం, మనకెదురయ్యే పరిస్థితులు మన ఎంపిక కావు. మన చేతిలో లేని వాటికి మనం బాధ్యులం కామన్నది సహజమైన న్యాయసూత్రం. ఆ సూత్రాన్ని చివరిదాకా తీసుకుపోతే, బాధ్యత వహించడానికి మనిషిలో ఏమీ మిగలదు. రిమ్మర్ అంత దూరమూ వెళ్ళి, ఆ శూన్యంలో ఆశ్రయం పొందుతాడు.

ఈ వాదానికి సమాధానం రచయితలే అంతకుముందు సంవత్సరం ‘డైమెన్షన్ జంప్’ అనే భాగంలో ఇచ్చి ఉన్నారు. మరొక విశ్వంలోని రిమ్మర్ అక్కడ కనిపిస్తాడు. అతడు ధీరుడు, ఉదారుడు, అందరి అభిమానానికీ పాత్రుడు. బాల్యంలో ఒకే ఒక సంఘటన ఈ ఇద్దరినీ వేరుచేసింది. బడిలో ఒకరిని పై తరగతికి పంపారు, ఒకరిని అదే తరగతిలో ఉంచివేశారు. పై తరగతికి వెళ్ళిన అదృష్టవంతుడు ఆ ధీరుడేనని మన రిమ్మర్ అనుకుంటాడు. నిజానికి వెనుకబడిపోయింది ఆ ధీరుడు. ఆ అవమానం అతణ్ణి పోరాడేవాడిగా చేసింది. సాకులు వెతుక్కునే అలవాటు వీడికి మిగిలింది.

అందువల్ల పరిస్థితుల ప్రభావం శూన్యమని చెప్పలేం. వెనుకబడటం కూడా ఒక పరిస్థితే కదా. కాని ఏది అదృష్టమో ఏది దురదృష్టమో ముందుగా చెప్పలేనప్పుడు, దురదృష్టాన్ని సంజాయిషీగా చూపడం బలహీనమవుతుంది. ఆ తేడాను ఇంక్విజిటర్ న్యాయస్థానం గమనించలేదు. ముద్దాయి తనగురించి చెప్పిన కథను ముద్దాయి ముఖంతోనే విన్నప్పుడు, ఆ కథను ఎదిరించి ప్రశ్నించే మరో గొంతు అక్కడ ఉండదు.

క్రైటెన్ వాదం: మంచితనం ఎవరి సొత్తు?

నలుగురిలో నిజాయితీగా వాదించినవాడు క్రైటెన్. తాను చేసిన మేలంతా ఆజ్ఞాపాలనే కనుక దానికి నైతికమైన విలువ లేదనీ, తన ఆదేశాలను అధిగమించి స్వయంగా ఏర్పరచుకున్న విలువలతో బతికే ప్రయత్నం చేసినప్పుడే యంత్రజీవికి సమర్థన లభిస్తుందనీ అతని అభిప్రాయం. ఇమ్మాన్యుయేల్ కాంట్ 1785లో ప్రకటించిన నీతిశాస్త్ర గ్రంథంలోని భావానికి ఇది చాలా దగ్గరగా ఉంది. స్వాభావికమైన దయతో చేసిన ఉపకారం మెచ్చుకోదగినదే అయినా, కర్తవ్యమన్న ఎరుకతో చేసినదానికే నైతిక విలువ ఉంటుందని కాంట్ నిర్ణయం. తనకు తానే నియమం విధించుకోగలగడమే ఆయన దృష్టిలో స్వాతంత్ర్యం.

ఇందుకు భిన్నంగా అరిస్టాటిల్ సుగుణం అభ్యాసం వల్ల అలవడుతుందనీ, అది పూర్తిగా అలవడినవాడు మంచిపనిని సంతోషంగా చేస్తాడనీ భావించాడు. ఆయన లెక్కలో మంచితనం ఎక్కడినుంచి వచ్చిందన్నది ప్రధానం కాదు, అది స్వభావంగా స్థిరపడిందా లేదా అన్నది ప్రధానం. మనలో ఎవరి మంచితనమైనా తల్లిదండ్రుల చేతిలోనో గురువుల చేతిలోనో మొదలైనదే. క్రైటెన్ తర్కాన్ని పూర్తిగా ఒప్పుకుంటే బాగా పెంచిన బిడ్డకు దక్కవలసిన మెప్పు కూడా ఉండదు.

మరో విషయం గమనించాలి. ఆదేశాలను అధిగమించే ప్రయత్నం క్రైటెన్ అప్పటికే మొదలుపెట్టాడు. ‘కెమిల్’ అనే భాగం ప్రారంభంలో లిస్టర్ అతనికి అబద్ధమాడటం నేర్పుతాడు. పండు చూపించి అది ఆ పండు కాదని చెప్పించే ఆ దృశ్యం నవ్వు పుట్టించేదే అయినా, ఒక దాసుడు తన యజమానులు అమర్చిన హద్దును మొదటిసారి దాటడం అందులో ఉంది. అంతకంటే ముఖ్యంగా, తన నాశనానికి దారితీస్తుందని తెలిసినా న్యాయస్థానంలో నిజం చెప్పడం ఏ ఆదేశం ఫలితం? ఆత్మరక్షణకు వీలైన వాదాన్ని చేజేతులా వదులుకుని సత్యం పక్షాన నిలిచిన ఆ క్షణంలోనే అతడు తనకు లేదని చెప్పిన అర్హతను చూపించాడు. న్యాయమూర్తి అతని మాట విన్నాడు. ఆ మాట అనడమనే చర్యను చూడలేదు.

పుట్టనివారి హక్కు

ఇంక్విజిటర్ చేసేది శిక్ష వేయడం ఒక్కటే కాదు. అతని దృష్టిలో అది పునఃపంపిణీ. వృథా అయిన జీవితాన్ని తీసి అవకాశం దక్కనివారికి ఇస్తున్నానని అతని సమర్థన. ఇందులో ఒక తార్కికదోషం ఉంది. జీవితం ఒక ఉద్యోగం వంటిదనీ, పుట్టనివారు బయట వరుసలో నిలబడి ఎదురుచూస్తున్న అభ్యర్థులనీ ఈ వాదం ఊహిస్తుంది. ఎన్నడూ ఉనికిలోకి రానివారు ఎదురుచూడరు, నష్టపోరు. ఎవరూ లేని చోట అన్యాయానికి గురైనవారు కూడా లేరు. డెరిక్ పార్ఫిట్ 1984లో వెలువరించిన గ్రంథంలో, మన నిర్ణయాలు ఎవరు పుడతారన్నదాన్నే మార్చివేసినప్పుడు ఫలానావారికి నష్టం జరిగిందని చెప్పడం ఎంత కష్టమో విస్తారంగా చర్చించాడు. పుట్టినవారి సంగతి వేరు. లిస్టర్‌కు స్నేహితులున్నారు, జ్ఞాపకాలున్నాయి, పోగొట్టుకోవడానికి ఒక జీవితముంది.

ఈ సందర్భంలో కాంట్ చేసిన మరొక విభజన ఉపయోగపడుతుంది. వెల ఉన్న వస్తువు బదులు సమానమైన మరొకదాన్ని పెట్టవచ్చు. వెలకు అతీతమైనదానికి బదులు ఉండదు, దానికి ఉండేది గౌరవం. మనిషి రెండవ కోవకు చెందినవాడు. లిస్టర్ స్థానంలో అతనికంటే పరిశుభ్రుడు, శ్రమజీవి అయిన మరొక లిస్టర్‌ను నిలబెట్టినా, మొదటి లిస్టర్ నష్టం భర్తీ కాదు. మిత్రులు అతణ్ణి గుర్తించక అపరిచితుడిలా చూసే దృశ్యంలో ఈ సత్యం వాదం లేకుండానే అర్థమవుతుంది. పని నడుస్తుంది, ఖాళీ కనిపించదు, అయినా ఏదో ఘోరం జరిగిందని ప్రేక్షకుడికి తెలుస్తుంది.

అయితే కథ ముగింపులో ఒక చిక్కు మిగిలిపోయింది. ఇంక్విజిటర్ పని రద్దయినప్పుడు చెరిగిపోయినవారు తిరిగివస్తారు సరే, వారి స్థానంలో పుట్టినవారి మాటేమిటి? పైన చెప్పిన వాదం ప్రకారం ఒకసారి ఉనికిలోకి వచ్చిన తరువాత వారికీ గౌరవం ఉంది. నాటిక వారిని తలచుకోదు. మనం కూడా తలచుకోకుండానే సంతోషిస్తాం, మనకు తెలిసినవారు మొదటివారు కనుక. దీనివల్ల మా వాదం వీగిపోదని నా అభిప్రాయం. ఒక మనిషి స్థానంలో మరొకరిని పెట్టడమన్న తప్పు ఒకసారి జరిగితే, దాన్ని సరిదిద్దడం కూడా ఎవరో ఒకరికి అన్యాయం చేయకుండా సాధ్యం కాదని మాత్రమే ఇది చూపిస్తుంది. దోషం దిద్దుబాటులో లేదు, మొదటి తీర్పులోనే ఉంది.

చరిత్రలో ఇదే న్యాయస్థానం

ఇదంతా కల్పనాలోకపు విషయమని అనుకోవడానికి చరిత్ర అవకాశమివ్వదు. 1920లో జర్మనీలో న్యాయశాస్త్రజ్ఞుడు కార్ల్ బిండింగ్, మనోవైద్యుడు ఆల్ఫ్రెడ్ హోహె కలిసి, బతకడానికి అర్హతలేని జీవితాలు ఉంటాయనీ వాటిని అంతం చేయడానికి చట్టం అనుమతించాలనీ వాదిస్తూ ఒక పుస్తకం ప్రకటించారు. 1939లో నాజీ ప్రభుత్వం మానసిక రోగులను, వికలాంగులను చంపే కార్యక్రమం ప్రారంభించింది. 1941 ఆగస్టు నాటికి విషవాయు కేంద్రాలలో 70 వేలమందికి పైగా హతులయ్యారు. ఆ తరువాత కూడా ఆ హత్యలు వేరే పద్ధతుల్లో కొనసాగాయి. అక్కడ కూడా దరఖాస్తు పత్రాలున్నాయి, పరిశీలించే నిపుణులున్నారు, పని చేయగలడా లేదా అన్న ప్రశ్న ఉంది. ‘ఈ జీవితం ఎందుకు’ అనే ప్రశ్నకు సంజాయిషీ చెప్పలేనివారు, అంటే మాట్లాడలేనివారు, మొదట బలయ్యారు.

ఆ అధికారులకూ ఇంక్విజిటర్‌కూ తేడా ఉంది. వారు తమ ప్రమాణాన్ని ఇతరులమీద రుద్దారు, ఇతడు ఎవరి ప్రమాణంతో వారినే కొలుస్తాడు. ఆ తేడా వల్ల ఇంక్విజిటర్ నిర్దోషి కాడు. ప్రమాణం ఎవరిదన్నది రెండవ ప్రశ్న. ఉనికిలో ఉండటానికి అర్హత చూపాలన్న నిబంధనే మొదటి తప్పు. రైతు ఆత్మహత్యకు కారణాలు వెతికేటప్పుడు, మంచానపడ్డ వృద్ధుల గురించి మాట్లాడేటప్పుడు, పరీక్ష తప్పిన విద్యార్థిని మందలించేటప్పుడు మనం వాడే ‘బతుకు వృథా’ అన్న మాటలో ఆ నిబంధన నీడ ఉంది. ఆ మాట విన్నవాడు దాన్ని తన గొంతుతోనే తనకు చెప్పుకోవడం మొదలుపెట్టినప్పుడు, ఇంక్విజిటర్ ముసుగు తీసి అతని ముఖంతోనే నిలబడినట్లే.

న్యాయమూర్తికి తీర్పు

మహాభారతం ఆదిపర్వంలోని మాండవ్యుని కథ ఇక్కడ స్మరణీయం. మౌనవ్రతంలో ఉండగా దొంగతనం నింద పడి కొరతవేయబడ్డ ఆ ముని యమధర్మరాజు దగ్గరకు వెళ్ళి తన నేరమేమిటని అడుగుతాడు. బాల్యంలో చిన్న పురుగులను గడ్డిపుల్లతో గుచ్చిన పాపఫలమని సమాధానం వస్తుంది. తెలియని వయసులో చేసిన పనికి ఇంత శిక్షా అని ముని ఎదురు ప్రశ్నించి, న్యాయాధిపతినే శపిస్తాడు. ధర్ముడు విదురుడై పుట్టడానికి అదే కారణమని కథ. నిర్ణీత వయసు వరకు చేసినవి పాపాలుగా లెక్కకు రావన్న నియమాన్ని కూడా ముని అక్కడే నెలకొల్పుతాడు.

రెండు కథల్లోనూ తీర్పు చెప్పేవాడు చివరకు తీర్పుకు లోబడతాడు. కాని మాండవ్యుడు లేవనెత్తిన ప్రశ్నలో ఒక స్పష్టత ఉంది. అతడు తన జీవితం గొప్పదని వాదించలేదు. ఏ పనికి, ఏ వయసులో, ఎంత శిక్ష అని అడిగాడు. న్యాయం పనులను విచారించాలి, వాటికి హద్దులుండాలి, శిక్షకు కొలత ఉండాలి అన్నది అతని వాదసారం. ఇంక్విజిటర్ విచారించేది పనులను కాదు, మొత్తం జీవితాన్ని. ఏ బాధితుడూ ఫిర్యాదు చేయలేదు, ఏ నేరమూ పేర్కొనబడలేదు. యముని లెక్కలో కనీసం పురుగుల బాధ ఉంది. ఇంక్విజిటర్ లెక్కలో ఎవరి బాధా లేదు, కేవలం జరగని సంభావ్యతలున్నాయి.

ఇంక్విజిటర్ ఒక్కరిని మాత్రం విచారించలేదు, తనను. ఆయుధం తిరగబడటం కథలో ఒక ఉపాయమే కాని సిద్ధాంతం కాదు. అయినా దాని వెనుక ఒక న్యాయమైన అడుగు ఉంది. ప్రతి జీవీ సమర్థన చెప్పుకోవాలన్నది సార్వత్రిక నియమమైతే నియమకర్త దానికి మినహాయింపు కాజాలడు. అనంతకాలం ఇతరులను చెరపడంలో గడిపిన జీవితానికి సమర్థన ఏమిటి? అతడు లేకుండాపోయిన తరువాత లోకం ఏమీ కోల్పోలేదు, పోయినవారందరూ తిరిగివచ్చారు.

ఆక్షేపాలు, సమాధానాలు

ఉనికికి సంజాయిషీ అవసరం లేదంటే బద్ధకానికి లైసెన్సు ఇచ్చినట్లు కాదా అన్నది మొదటి ఆక్షేపం. కాదు. పనులకు జవాబుదారీ వేరు, పుట్టుకకు సంజాయిషీ వేరు. మాట ఇచ్చి తప్పితే మాట పుచ్చుకున్నవారికి జవాబు చెప్పాలి. హాని చేస్తే హాని పొందినవారికి చెప్పాలి. ఆ జవాబుదారీకి ఎదురుగా ఒక మనిషి ఉంటాడు. పుట్టుకకు సంజాయిషీ అడిగే న్యాయస్థానంలో ఎదురుగా అటువంటివారు ఎవరూ లేరు. పైగా బద్ధకాన్ని పోషించింది ఇంక్విజిటర్ పద్ధతేనని క్యాట్ విడుదల నిరూపించింది.

హాస్యనాటికపై ఇంత భారం మోపవచ్చా అన్నది రెండవ ఆక్షేపం. క్యాట్ నిర్దోషి అని తేలినప్పుడు ప్రేక్షకుడు నవ్వుతాడు. ఎందుకు? తీర్పుకూ న్యాయానికీ మధ్య ఉన్న అగాధం అతనికి తక్షణం తెలిసింది కనుక. ఆ నవ్వు ఒక విమర్శ. సిద్ధాంతగ్రంథం పలు పుటల్లో స్థాపించవలసిన వైరుధ్యాన్ని అది ఒక్క క్షణంలో గుర్తుపట్టింది. దాన్ని విప్పి చెప్పడమే వ్యాసకర్త పని.

ముగింపు

లిస్టర్ మౌనాన్ని అహంకారంగానో మొండితనంగానో చూడవచ్చు. తన జీవితంలో చాలా భాగం వృథా చేశానని అతనికి తెలుసు, దాన్ని అతడు కాదనలేదు. అతడు తోసిపుచ్చింది ఆ విచారణకున్న అధికారాన్ని మాత్రమే. నేను ఇంకా మంచిగా బతకవలసింది అనుకోవడానికీ, నేను బతకకుండా ఉండవలసింది అని ఒప్పుకోవడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఆ మౌనం కాపాడింది. మొదటిది పశ్చాత్తాపం, దానికి భవిష్యత్తు ఉంది. రెండవదానికి భవిష్యత్తు లేదు.

సార్థకత అనే భావాన్ని విడిచిపెట్టాలని ఈ వ్యాసం వాదం కాదు. దాని స్థానాన్ని మార్చుకోవాలన్నదే వాదం. బతకడానికి షరతుగా కాక, బతుకులో సాధించదగినదిగా దాన్ని చూడాలి. ఇకముందు ఎవరి గురించైనా ‘భూమికి భారం’ అనబోయినప్పుడు, తూచుతున్నది ఎవరు, ఆ త్రాసు ఎవరిది అని ఒకసారి అడుగుకోవడం అవసరం.